తెర చుట్టూ అంచు

“అంచు డాబే కాని పంచె డాబు లేదు” అని తెలుగువారి సామెత. లోపల సరుకు లేకుండా పైమెరుగులు చూపేవారిని ఎత్తిపొడవడానికి పెద్దలు దీనిని వాడుతుంటారు. ఈ సామెతలో అంచుకు కొంత అన్యాయం జరిగిందనే చెప్పాలి. నేతగాడు బట్టకు అంచు నేసేది డాబు కోసం మాత్రమే కాదు. గట్టి అంచు లేని బట్ట ప్రక్కల పోగులు ఊడి త్వరగా పాడవుతుంది. అంచు బట్టను కాపాడుతుంది. బట్ట ఎక్కడ ముగిసిందో కంటికి తెలుపుతుంది. అది నేసిన ఊరిని గుర్తుకు తెస్తుంది. వెంకటగిరి చీరను, ధర్మవరం చీరను దూరం నుండే పోల్చుకొనేవారి చూపు ముందుగా అంచుమీదికే పోతుంది.

ఇంత పని చేస్తున్నా అంచుకు దక్కేది ఎప్పుడూ రెండవ స్థానమే. నడుమనున్న బొమ్మను చూసి అందరూ మెచ్చుకొంటారు. చుట్టూ తీగలు గీసిన చేయి ఎవరిదని అడిగేవారు అరుదు. గుడ్డమీది బొమ్మలకు ఈ మాట ఎంతగా వర్తిస్తుందో, ఇరవయ్యవ శతాబ్ది చివరి దశకాలలో పిల్లల చేతులలోకి వచ్చిన వీడియో ఆటల తెరలకూ అంతగా వర్తిస్తుంది. ఆ తెరల చుట్టూ చిత్రించిన అలంకార చిత్రాలను ఏరి, పోగుచేసి, భద్రపరచే అభిరుచి నేడు పలు దేశాలలో ఉంది. మొదటి చూపునకు వింతగా తోచే ఆ అభిరుచిలోని అర్థం తెలియాలంటే, మనకు బాగా తెలిసిన చోటినుండి బయలుదేరడం మంచిది. ఆ చోటు చంద్రగిరి.

తిరుపతికి నైరుతి దిక్కున, కొండను ఆనుకొని చంద్రగిరి కోట ఉన్నది. విజయనగర రాజులు చివరి కాలంలో పెనుగొండ తరువాత ఇక్కడి నుండే రాజ్యం చేశారు. కోటలోని రాజమహలులో పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల ఉన్నది. శిలావిగ్రహాలు, లోహవిగ్రహాలు అందులో కొలువుదీరి ఉంటాయి. ఇటువంటి ప్రదర్శనశాలలలో దక్షిణ భారతదేశపు లోహవిగ్రహాలను చూసేవారు ఒక విషయం గమనించవచ్చు. కొన్ని విగ్రహాల వెనుక ప్రభావళి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. లేనివాటిలో కొన్నింటి పీఠానికి ఇరువైపులా, ఒకప్పుడు ప్రభావళిని నిలిపిన ఆనవాళ్లు మిగిలి ఉంటాయి. విగ్రహాన్ని జాగ్రత్తగా దాచిన చేతులే దాని చుట్టూ ఉన్న జ్వాలలను, మకరాలను ఎక్కడో జారవిడిచాయి. నడుమనున్నది నిలిచింది, చుట్టూ ఉన్నది పోయింది. అంచుల చరిత్రలో తరచుగా జరిగేది ఇదే.

చంద్రగిరి ప్రక్కన పారే స్వర్ణముఖి నది తూర్పునకు సాగి శ్రీకాళహస్తి చేరుతుంది. ఆ నది ఒడ్డున కలంకారీ కళ వర్ధిల్లింది. నూలు గుడ్డను కరక్కాయ రసం కలిపిన పాలలో నానబెట్టి ఆరవేస్తారు. వెదురు పుల్లకు గుడ్డ లేక ఉన్ని చుట్టి, దారం కట్టి, కలం తయారు చేస్తారు. బెల్లపు నీటిలో తుప్పు పట్టిన ఇనుమును రోజుల తరబడి నానబెట్టి నల్లరంగు తీస్తారు. ఆ రంగులో కలాన్ని ముంచి, చుట్టిన గుడ్డను వ్రేళ్లతో మెల్లగా నొక్కుతూ గీతలు గీస్తారు. దేవాలయాల కోసం గీసిన పెద్ద గుడ్డలలో నడుమ దేవతామూర్తి ఉంటుంది. చుట్టూ వరుసలు వరుసలుగా రామాయణ, భారత ఘట్టాలు, వాటి క్రింద తెలుగులో వ్రాసిన వివరణలు ఉంటాయి. అన్నింటికీ వెలుపల పూలతో, తీగలతో అంచు ఉంటుంది. ఆ అంచు లేకపోతే కథలన్నీ గోడమీదికి ఒలికిపోయినట్లు కనిపిస్తాయి.

కోరమండల తీరంనుండి ఐరోపాకు ఎగుమతి అయిన పెద్ద కలంకారీ గుడ్డలు ఇంకొక కథ చెబుతాయి. కొన్నవారు వాటిని తమ పరుపులకు, తెరలకు, దుస్తులకు తగినట్లు కత్తిరించుకొన్నారు. అందువల్ల నేడు కొన్ని మ్యూజియాలలో అంచు ముక్కలు విడిగా మిగిలి ఉన్నాయి. అవి ఏ బొమ్మ చుట్టూ ఉండేవో చెప్పడం కష్టం. ఒక అంచును దాచడం ఎంత అవసరమో, అది దేనికి అంచో వ్రాసి పెట్టడం కూడ అంతే అవసరమని ఆ ముక్కలు నేర్పుతాయి.

ఇక తెరల మాట. వీడియో ఆటలు పుట్టిన తొలి రోజులలో యంత్రాలకు బొమ్మలు గీసే శక్తి చాల తక్కువ. 1972లో అమెరికాలో విడుదలైన ‘ఒడిస్సీ’ అనే ఆట యంత్రం తెరమీద కొన్ని తెల్లని చుక్కలను, గీతలను మాత్రమే చూపగలిగేది. అందుకని దానితోపాటు రంగుల బొమ్మలు అచ్చువేసిన పారదర్శకమైన పలుచని రేకులు ఇచ్చేవారు. వాటిని టెలివిజన్ గాజుకు అంటించుకొని ఆడుకోవాలి. చుక్క బంతి అయ్యేది, రేకు ఆటస్థలం అయ్యేది. 1980లో జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ అరచేతిలో ఇమిడే ‘గేమ్ అండ్ వాచ్’ యంత్రాలను తెచ్చింది. మన ఊళ్లలో 1990 దశకంలో ‘బ్రిక్ గేమ్’ అనే చిన్న ఆట పెట్టె చాల ఇండ్లలోకి వచ్చింది. దానిలో ఇటుకల వంటి నల్లని గడులు పైనుండి పడుతుంటే, వాటిని వరుసగా పేర్చాలి. తెరమీద నలుపు తప్ప మరొక రంగు లేదు. ఆ లోటును పెట్టె రంగులు, తెర చుట్టూ అచ్చువేసిన అక్షరాలు, బొమ్మలు తీర్చేవి. ఆ పెట్టెను గుర్తుంచుకొన్నవారికి మొదట గుర్తుకు వచ్చేవి ఆ రంగులే.

1989లో నింటెండో ‘గేమ్ బాయ్’ అనే చేతి యంత్రాన్ని విడుదల చేసింది. గున్‌పేయ్ యొకోయ్ నాయకత్వంలో దీని రూపకల్పన జరిగింది. దీని తెర వెడల్పున 160 చుక్కలు, ఎత్తున 144 చుక్కలు. రంగులు లేవు, ఉన్నవి నాలుగు ఛాయలే. అయినా దీనికి, దీని తరువాత వచ్చిన ‘గేమ్ బాయ్ కలర్’కు కలిపి ప్రపంచవ్యాప్తంగా 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్మకాలు జరిగాయి. ఈ చేతి ఆటలను ఇంట్లోని టెలివిజన్ మీద ఆడుకోవడానికి వీలుగా 1994 జూన్‌లో ‘సూపర్ గేమ్ బాయ్’ అనే పరికరం వచ్చింది. దానిని ‘సూపర్ నింటెండో’ యంత్రంలో ఉంచి, దానిలో గేమ్ బాయ్ ఆట బిళ్లను పెట్టాలి.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. సూపర్ నింటెండో చూపే దృశ్యం 256 చుక్కల వెడల్పు, 224 చుక్కల ఎత్తు. నడుమ గేమ్ బాయ్ బొమ్మను నిలిపితే ఇరుప్రక్కల 48 చుక్కల చొప్పున, పైన, క్రింద 40 చుక్కల చొప్పున ఖాళీ మిగులుతుంది. లెక్క వేసి చూస్తే మొత్తం 57,344 చుక్కలలో ఆటకు దక్కేవి 23,040 మాత్రమే. మిగిలిన 34,304 చుక్కలు ఖాళీవే. అంటే అంచు నడిమి బొమ్మకంటె పెద్దది! ఆ ఖాళీని నల్లగా వదలివేయవచ్చు. కాని రూపకర్తలు దానిని చిత్రకారులకు అప్పగించారు. పరికరంలోనే తొమ్మిది అంచులు అమర్చారు. ఆడేవారు స్వయంగా అంచుమీద రంగులు పూసుకొనే ఏర్పాటు కూడ చేశారు. అంతేగాక ప్రతి ఆటకూ తనదైన అంచును తనతో తెచ్చుకొనే వీలు కల్పించారు. 1994లో వచ్చిన ‘డాంకీ కాంగ్’ అలా తన అంచును తెచ్చుకొన్న మొదటి ఆట. దాని అంచును చూస్తే, 1981లో అదే పేరుతో వచ్చిన ఆటను నిలబడి ఆడే పెద్ద యంత్రపు ముఖభాగం గుర్తుకు వస్తుంది. ఆ తరువాత వందలకొద్ది ఆటలు తమ తమ అంచులతో వచ్చాయి. ‘పోకెమాన్’ ఆటలలో ఎరుపు ప్రతికి ఒక అంచు, నీలం ప్రతికి మరొక అంచు ఉన్నాయి. నాలుగు ఛాయల బొమ్మ చుట్టూ అంతకు మించిన రంగులతో అంచు! పంచెకంటె అంచుకే ఎక్కువ డాబు ఉండటమంటే ఇదే. అయితే ఈ డాబు ఎంతో పొదుపుతో సాధించినది.

ఆ పొదుపు ఎటువంటిదో చూడాలి. యంత్రం తెరను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల చిన్న చిన్న పలకలుగా విభజిస్తుంది. అంచులో అటువంటి గడులు 536 ఉంటాయి. కాని చిత్రకారుడు వేర్వేరుగా గీయదగిన పలకలు 256కు మించరాదు. కనుక గీసిన పలకనే మళ్లీ మళ్లీ వాడక తప్పదు. కృష్ణా జిల్లాలోని పెడనలో కలంకారీ పనివారు చెక్క అచ్చులతో బట్టమీద పూలు అద్దుతారు. ఒక అచ్చు వందసార్లు పడినా చూసేవారికి తీగ ఎక్కడా తెగినట్లు కనిపించరాదు. అతుకు కనబడకపోవడంలోనే పనితనం ఉంది. తెర అంచు గీసినవారి నేర్పు కూడ ఇటువంటిదే. చెక్క అచ్చును అద్దంలో ప్రతిబింబంలా త్రిప్పి అద్దలేరు. తెరమీది పలకను అలా త్రిప్పవచ్చు. అందుచేత ఒక మూలను గీస్తే నాలుగు మూలలనూ అమర్చుకొన్న చిత్రకారులున్నారు. కాళహస్తి కలం కోరే ఊహ, పెడన అచ్చు కోరే లెక్క, రెండూ ఈ చిన్న పనిలో కలిశాయి.

ఈ అంచు తెరమీదికి చేరే మార్గం మరింత విచిత్రమైనది. ఆట బిళ్లలో దాగిన అంచు సమాచారాన్ని గేమ్ బాయ్ తన చిన్న తెర బొమ్మ రూపంలోనే పంపుతుంది. సూపర్ గేమ్ బాయ్ ఆ చుక్కలను చదివి అంచుగా మారుస్తుంది. ఆ కొద్ది సేపు అర్థంలేని చుక్కల గందరగోళం ఆడేవారి కంట పడకుండా దృశ్యాన్ని కప్పి ఉంచుతుంది. తెర తొలగేసరికి బొమ్మ చుట్టూ రంగుల అంచు సిద్ధంగా ఉంటుంది. నాటకంలో తెర వెనుక రంగస్థలాన్ని అమర్చినట్లే ఇది కూడ.

ఇందులో మనసుకు తాకే విషయం ఒకటి ఉంది. గేమ్ బాయ్ కొన్న పిల్లలందరి ఇండ్లలో సూపర్ గేమ్ బాయ్ లేదు. చేతి యంత్రంలో పెట్టి ఆడినంత కాలం ఆ అంచు ఎవరికీ కనిపించదు. ఒక పిల్లవాడు ఏండ్ల తరబడి ఒకే ఆటను ఆడి, దానిలోని ప్రతి మలుపును కంఠస్థం చేసి ఉండవచ్చు. అయినా తన జేబులో ఉన్న ఆ బిళ్లలోనే, తన కోసం ఎవరో ఓపికగా గీసిన రంగుల చిత్రం ఒకటి నిద్రిస్తున్నదని అతనికి తెలియకపోవచ్చు. కొద్దిమంది మాత్రమే చూస్తారని తెలిసి కూడ చిత్రకారులు ఆ పనిని నిర్లక్ష్యం చేయలేదు. గోపురంపై అంతస్తులలో, క్రిందినుండి చూసేవారికి అందని ఎత్తున చెక్కిన బొమ్మలకు కూడ కనురెప్పలు తీర్చిన శిల్పులు వీరికి పూర్వులు.

కాలం మారింది. 1998లో ‘గేమ్ బాయ్ కలర్’ వచ్చి చేతి తెరకే రంగులు తెచ్చింది. అంచులు వెనువెంటనే ఆగిపోలేదు. 1999లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటలలో కూడ అవి ఉన్నాయి. అయినా వాటి అవసరం క్రమంగా తగ్గిపోయింది. నేడు పాత ఆటలను ఆడాలనుకొనేవారు ఎక్కువగా ఎమ్యులేటర్లను ఆశ్రయిస్తున్నారు. పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేరునే ఎమ్యులేటర్ అంటారు. గేమ్ బాయ్‌ని మాత్రమే అనుకరించే ఎమ్యులేటరుకు అంచుతో పని లేదు. అది నడిమి బొమ్మను ఫోను తెరనిండా పరచి చూపుతుంది. అంచు బిళ్లలోనే ఉండిపోతుంది. కనుక పట్టుబట్టి బయటికి తీసి దాచేవారు లేకపోతే, ఆ చిత్రాలు నశించకపోయినా కంటికి దూరమైపోతాయి. సేకర్తల పని ఇక్కడ మొదలవుతుంది.

చంద్రగిరిలో చదువుకొనే విద్యార్థిని ఒకామె ఇటువంటి సేకరణకు పూనుకొన్నదని ఊహించుకోవచ్చు. ఆమెకు కావలసినవి ఒక కంప్యూటరు, అంచును చూపగల ఎమ్యులేటరు, ఒక నోటు పుస్తకం. అన్నింటికంటె ముఖ్యమైనది నోటు పుస్తకమే. ఆట పేరు, ఏ దేశంలో విడుదలైన ప్రతి, ఏ సంవత్సరం, ఆటలో ఏ ఘట్టంలో అంచు కనిపించింది, అనే వివరాలు అందులో చేరాలి. ఒకే ఆటలో ఘట్టాన్నిబట్టి అంచు మారడం కూడ ఉంది. దేశాన్నిబట్టి మారేవీ ఉన్నాయి. ఈ వివరాలు లేని అంచు, మ్యూజియంలో పేరు తెలియక పడి ఉన్న కలంకారీ ముక్క వంటిదే.

ఆ పైన ఆమె తేల్చుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. నడుమనున్న ఆట బొమ్మను తుడిచివేసి అంచును మాత్రమే దాచాలా? లేక బొమ్మతో కలిపి దాచాలా? తుడిచివేస్తే అంచు స్పష్టంగా కనిపిస్తుంది, కాని దానికీ ఆటకూ ఉన్న బంధం తెగిపోతుంది. రెండు విధాలా దాచడమే మేలు. చిత్రాన్ని జేపీఈజీ పద్ధతిలో దాస్తే చుక్కల పదును చెరిగి మసక కమ్ముతుంది. పీఎన్‌జీ పద్ధతిలో దాస్తే ఒక్క చుక్క కూడ మారదు. పెద్దది చేయాలంటే రెండింతలో, మూడింతలో చేయాలి; ఒకటిన్నర రెట్లు చేస్తే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా అవుతాయి. పాత టెలివిజన్‌లో చుక్కలు కొంచెం వెడల్పుగా కనిపించేవన్నది కూడ వ్రాసి పెట్టుకోవాలి. అన్నింటికంటె పెద్ద ప్రలోభం అందగించడం. వంకరగా ఉన్న గీతను సరిచేయాలని, వెలిసిన రంగును దిద్దాలని చేయి ఉబలాటపడుతుంది. సేకర్త ఆ చేతిని పట్టి ఆపుకోవాలి. దిద్దిన చిత్రం ఆమెది అవుతుందేగాని, గీసినవారిది కాదు.

ఏ అంచును దాచాలి, దేనిని వదలాలి అన్న ప్రశ్న కూడ ఉన్నది. అన్ని అంచులూ గొప్పవి కావు. ఆట పేరును పదిసార్లు అచ్చువేసి ఊరుకొన్నవి ఉన్నాయి. గడులు గడులుగా రంగు నింపి సరిపుచ్చినవి ఉన్నాయి. కాని బాగున్నవి మాత్రమే ఏరి దాస్తే మిగిలేది సేకర్త అభిరుచి. ఆ కాలం కాదు. సాదాసీదా అంచులు ప్రక్కన ఉన్నప్పుడే మంచి అంచు ఎందుకు మంచిదో తెలుస్తుంది.

ఈ చిత్రాలపై హక్కులు వాటిని తయారు చేసిన సంస్థలవన్న సంగతి మరువరాదు. చదువుకోవడానికి, పోల్చి చూడటానికి దాచుకోవడం వేరు. బనియన్ల మీద అచ్చువేసి అమ్ముకోవడం వేరు. తనది కానిదానిని ప్రేమించేవారికి ఈ తేడా తెలిసి ఉండాలి.

“ఇది పొద్దుపోని పని కాదా? చూస్తే పిల్లల ఆటలు, అందులోనూ వాటి అంచులు!” అని పెద్దలు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. దీనికి సమాధానం ఆ విద్యార్థిని నోటు పుస్తకపు తరువాతి పుటలలో దొరకవచ్చు. ఒక పనిని శ్రద్ధగా చూడటం అలవాటైన కన్ను అక్కడితో ఆగదు. ఇంట్లో అవ్వ పెట్టెలోని చీర అంచు, సంక్రాంతికి ముగ్గు చుట్టూ వేసే గీతల వరుస, పాత శుభలేఖలపై పూల చట్రం, దేవుని పటానికి తిరుపతిలో కట్టించిన చట్రపు నగిషీ, ఇవన్నీ ఆ పుస్తకంలోకి వచ్చి చేరుతాయి. వాటిలో చాల భాగాన్ని ఇంతవరకు ఎవరూ వ్రాసి పెట్టలేదు. జపానువారి తెర అంచును చుక్క పోకుండా దాచడం నేర్చినవారికి, అవ్వ వేసే ముగ్గు అంచు ఎంత సులభంగా చెరిగిపోతుందో కూడ తెలిసివస్తుంది.

ఆ నోటు పుస్తకంలో ‘గీసినవారు’ అని ఒక గడి ఉండాలి. అది చాలవరకు ఖాళీగానే ఉంటుంది. ఆట ముగిసిన తరువాత తెరమీద కనిపించే పేర్లలో, అంచు ఫలానావారు గీశారని విడిగా చెప్పడం అరుదు. కలంకారీలో కూడ తరతరాలుగా ఈ గడి ఖాళీగానే ఉండేది. గుడ్డ మిగిలింది గాని, గీసినవారి పేరు మిగలలేదు. 2008లో శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టిని పద్మశ్రీ పురస్కారం వరించినప్పుడు, ఆ ఖాళీ గడులలో ఒకదానిలో దేశం ఒక పేరు వ్రాసింది. తెర అంచులు గీసినవారిలో కూడ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకనాడు, “ఇది నా చేతి పని” అని చెప్పవచ్చు. అందుకే ఆ గడిని కొట్టివేయరాదు. ఖాళీగా ఉంచాలి.